ఒంటికీ ఒక హక్కుంది: తిండి, నిద్ర, ఆరోగ్యం గురించి మన చరిత్ర చెప్పే సంగతులు

హైదరాబాదు వెళ్ళి వచ్చినవాళ్ళందరూ దారుషిఫా అనే పేట పేరు వినే వుంటారు. బస్సులో కూర్చుని 'దారుషిఫా ఒకటి' అని టిక్కెట్టు అడిగేవాళ్ళలో ఆ మాటకు అర్థమేమిటా అని ఆలోచించేవారు మాత్రం తక్కువ. 'దార్' అంటే ఇల్లు, 'షిఫా' అంటే స్వస్థత. జబ్బు నయమయ్యే ఇల్లు అన్నమాట. చార్మినార్ కట్టింది 1591లో. ఆ తర్వాత నాలుగేళ్ళకే, 1595లో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ ఆసుపత్రిని కట్టించాడు. మధ్యలో విశాలమైన ప్రాంగణం, దాని చుట్టూ రెండంతస్తులుగా గదులు, గదులకు గాలీ వెలుతురూ. రోగులకు వైద్యం చేస్తూనే అక్కడ యునానీ వైద్యాన్ని విద్యార్థులకు బోధించేవారు కూడాను. ఇప్పుడది ఆసుపత్రి కాదు. ప్రాంగణంలో ఆషూర్‌ఖానా వుంది, పేటకు పేరు మిగిలింది.

కొత్త నగరం వేస్తున్న రాజు మసీదు, బజారు, హమాం కట్టించడం వింత కాదు. వాటితోబాటు ఆసుపత్రి కూడా వుండి తీరాలని యెందుకనుకున్నాడు? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. జవాబు వెదుక్కుంటూ పోతే గోల్కొండ దాటి, కైరో, డమాస్కస్, బాగ్దాదులు దాటి, చివరికి మదీనాలో ఒక సామాన్యుడి ఇంటి గుమ్మం ముందు ఆగవలసి వచ్చింది. ఆ ఇంటి సంగతే ముందు చెబుతాము.

మక్కా నుంచి వలస వచ్చినవారికీ మదీనా వాసులకూ ప్రవక్త (స) సోదర బంధం కలిపిన రోజులవి. పారశీక దేశం నుంచి వచ్చిన సల్మాన్ (రజి)కి, అబూ దర్దా (రజి) అనే మదీనా వాసికీ అలా అన్నదమ్ముల వరస కలిసింది. ఒకరోజు సల్మాన్ ఆ ఇంటికి చూడబోయాడు. ఇంటి ఇల్లాలు ఉమ్మె దర్దా మాసిన బట్టలతో, అలంకారమన్నది లేకుండా కనబడింది. ఏమమ్మా ఇలా వున్నావని అడిగితే, మీ తమ్ముడికి ఈ లోకంతో పనేముంది అన్నట్టు ఆమె బదులు చెప్పింది. ఆమె మాటలోని బాధ సల్మాన్‌కు అర్థమైంది. ఇంతలో అబూ దర్దా వచ్చి అన్నం పెట్టించాడు. తను మాత్రం ఉపవాసం అన్నాడు. నువ్వు తినకపోతే నేనూ ముట్టను అని సల్మాన్ భీష్మించుకున్నాడు. తిన్నాడు పాపం. రాత్రయింది. అబూ దర్దా నమాజుకు లేవబోతే పడుకోమన్నాడు సల్మాన్. కాసేపాగి మళ్ళీ లేవబోతే మళ్ళీ పడుకోమన్నాడు. రాత్రి చివరి జాములో తనే లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తర్వాత చెప్పాడు: నీ మీద నీ ప్రభువుకు హక్కుంది, నీ ఒంటికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ఎవరి హక్కు వాళ్ళకియ్యి అనే భావంతో. అబూ దర్దా వెళ్ళి ప్రవక్త (స)తో చెప్పుకుంటే, సల్మాన్ నిజమే చెప్పాడన్నారు. బుఖారీ గ్రంథంలో వున్న హదీసు యిది.

ఈ కథను మన ప్రసంగాల్లో చాలాసార్లు వింటుంటాము. అయితే విన్నప్పుడల్లా నమాజు, ఉపవాసం దగ్గరే ఆగిపోతాము. మొదలు యెక్కడైంది? ఇల్లాలి ముఖంలో. తిండిలోనూ నిద్రలోనూ తప్పు జరుగుతోందని సల్మాన్‌కు తెలిసింది ఆమెను చూసి. ఈ సంగతి మళ్ళీ చివర్లో కావలసి వస్తుంది కాబట్టి పాఠకులు గుర్తుంచుకోవాలి.

దివ్య ఖుర్‌ఆన్ కూడా నిద్రను సోమరితనంగా చూడలేదు. 78వ సూరాలో నిద్రను విశ్రాంతిగా, రాత్రిని కప్పుకునే వస్త్రంగా చెప్పింది. 30వ సూరాలో రాత్రీ పగలూ మనుషులు నిద్రపోవడం దేవుని నిదర్శనాల్లో ఒకటన్నది. ఇక 24వ సూరాలో ఇంటి మర్యాదలు చెబుతూ, మధ్యాహ్నం పైబట్టలు తీసి నడుం వాల్చే వేళ పిల్లలు, పనివాళ్ళు కూడా అనుమతి అడిగి లోపలికి రావాలన్నది. అంటే మధ్యాహ్నపు కునుకు ఆ కాలపు ఇళ్ళలో యెంత మామూలో చూడండి! దానికి చట్టం లాంటి రక్షణ కూడా దొరికింది. తిండి విషయంలో 7వ సూరా తినమనీ తాగమనీ చెప్పి, హద్దు మీరవద్దని కట్టడి చేసింది. తిర్మిజీ హదీసు గ్రంథంలో లెక్క కూడా వుంది: కడుపులో ఒక వంతు తిండికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి. పెళ్ళి విందులో మూడో వాయి బిర్యానీ వడ్డించుకుంటున్నప్పుడు ఈ లెక్క యెవరికీ గుర్తు రాదు, మాతో సహా.

ఇక వైద్యుల దగ్గరికి వద్దాము. ప్రవక్త (స) తర్వాత రెండు వందల యేళ్ళకు బాగ్దాదు నగరం లోకంలోని శాస్త్రాలన్నిటికీ సంతయింది. హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ (809–873) గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలను అరబీ, సిరియాక్ భాషల్లోకి తెచ్చాడు. ఈయన క్రైస్తవుడు. అలీ ఇబ్నె రబ్బన్ తబరీ 850 ప్రాంతంలో రాసిన 'ఫిర్దౌసుల్ హిక్మా'లో మన దేశపు వైద్యానికి ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించాడు. చరకుడు, సుశ్రుతుడు ఆ రోజుల్లోనే బాగ్దాదు చేరారన్నమాట. యునానీ అంటే అయోనియా, అంటే గ్రీకు దేశం తాలూకు అని అర్థం. ముస్లిముల వైద్యానికి ముస్లిములే గ్రీకుల పేరు పెట్టి పిలవడంలో ఒక పెద్దమనసుంది. విద్య యెవరిదైతే వాళ్ళ పేరే వుంచారు.

ఈ వైద్యులందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఒకటుంది. దాన్ని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. మనిషి బతికున్నంతకాలం తప్పించుకోలేని ఆరు కారణాలు. గాలి మొదటిది. తిండీ నీళ్ళూ రెండోది. ఒంటి కదలిక, ఒంటి విశ్రాంతి మూడోది. మనసు కదలిక, మనసు విశ్రాంతి నాలుగోది. నిద్రా మెలకువా ఐదోది. ఒంట్లోంచి పోవలసినవి పోవడం, వుండవలసినవి వుండడం ఆరోది. ఈ ఆరూ సమంగా వుంటే హకీంతో పని లేదు. ఒకటి తప్పితే మందుకంటే ముందు దాన్నే సరిచెయ్యాలి. ముందు తిండి మార్చి చూడు, కాకపోతే మందియ్యి, మందులోనూ ముందు ఒంటి మూలికతో మొదలుపెట్టు. ఇదీ పాత హకీముల వరస. మా చిన్నప్పుడు హకీంగారు నాడి పట్టుకుని, మందు పొట్లం కట్టడానికి ముందు రాత్రి యెన్నింటికి పడుకున్నావని అడిగేవారు. అదేం ప్రశ్న అని నవ్వుకునేవాళ్ళం. ఆ ప్రశ్న వెనక వెయ్యేళ్ళ చదువుందని అప్పుడు మాకేం తెలుసు?

ఇబ్నె సీనా (980–1037) తన 'ఖానూన్' మొదటి భాగంలో ఈ ఆరింటినీ విస్తారంగా వివరించాడు. ఆ గ్రంథం లాటిన్ లోకి వెళ్ళి వందల యేళ్ళపాటు యూరపు విద్యాలయాల్లో పాఠ్యగ్రంథమైంది. చమత్కారమేమిటంటే, తన ఒంటిని మాత్రం ఆయన లెక్కచెయ్యలేదు. రాత్రిళ్ళు చదువు, పగలు రాజుల కొలువు, ఊరినుంచి ఊరికి పరుగు. శిష్యుడు జూజ్‌జానీ ఈ సంగతి దాచకుండా రాశాడు. చివరికి 57వ యేట కడుపు శూలతో హమదాన్‌లో పోయాడు. చెప్పేవాడికి చెయ్యడం కష్టమే, యెంతటివాడికైనా.

ఆయనకంటే ముందువాడు అబూ జైద్ బల్ఖీ (850–934). పేరు మనలో చాలామందికి తెలియదు గాని, మా దృష్టిలో ఈ విషయంలో అందరికంటే ముందు తలచుకోవలసినవాడు. ఆయన పుస్తకం పేరుకు ఒళ్ళూ మనసూ బాగుండే మార్గాలు అని అర్థం. మొదటి సగం ఒంటికి, రెండో సగం మనసుకు. వైద్యులు ఒంటిని గురించే రాసి మనసును వదిలేస్తున్నారనీ, దిగులు, భయం, కోపం, విడవని పాడు ఆలోచనలు కూడా జబ్బులేననీ, అవి ఒకదానినుంచి మరొకటి పుడతాయనీ ఆయన వాదన. దిగులు రెండు రకాలుగా వుంటుందన్నాడు: కారణం తెలిసినది, కారణం తెలియనిది. మన పేటల్లో ఒక ఆడపిల్లకు మనసు బాగాలేకపోతే నేటికీ గాలి సోకిందంటారు, తాయెత్తు కోసం పరుగెడతారు. వెయ్యేళ్ళ కిందటి ముస్లిం పండితుడు దాన్ని జబ్బన్నాడు, వైద్యముందన్నాడు.

ఇబ్నె బుత్లాన్ అనే బాగ్దాదు వైద్యుడు పదకొండో శతాబ్దంలో యింకో మంచి పని చేశాడు. ఈయనా క్రైస్తవుడే. జనానికి పెద్ద గ్రంథాలు చదివే తీరికెక్కడిదని, ఆరోగ్య సూత్రాలన్నీ పట్టికలుగా వేశాడు. ఫలానా పండు స్వభావమేమిటి, మంచేమిటి, చెడేమిటి, ఆ చెడుకు విరుగుడేమిటి అని గళ్ళు గీసి చూపించాడు. 'తఖ్‌వీముస్ సిహ్హా' అని దాని పేరు. తర్వాత లాటిన్‌లోకి మారి, యూరపు ప్రభువుల ఇళ్ళలో బొమ్మల పుస్తకంగా వెలిసింది.

ఆసుపత్రుల సంగతీ అంతే. డమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లో, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రులు పేరుపడ్డవి. కైరో ఆసుపత్రిలో పేదా గొప్పా, ఆడా మగా తేడా లేకుండా చేర్చుకునేవారు. ఖర్చంతా వఖ్ఫు ఆస్తుల రాబడి మీద నడిచేది. దుకాణాల అద్దెలు రోగుల పథ్యమయ్యేవి. వఖ్ఫు అంటే గోరీల చుట్టూ గోడ కట్టడమొకటే కాదని దీన్నిబట్టి తెలుస్తున్నది. కులీ కుతుబ్‌షా దారుషిఫా ఈ వరసలోదే.

ఇప్పుడు విశ్రాంతి మాట. మధ్యాహ్నపు కునుకును అరబీలో 'ఖైలూలా' అంటారు. ప్రవక్త (స) అనస్ (రజి) తల్లి ఉమ్మె సులైం ఇంట్లో మధ్యాహ్నం నడుం వాల్చేవారని హదీసుల్లో వుంది. ఇషా నమాజుకు ముందు నిద్రపోవడం, ఇషా తర్వాత కబుర్లతో కూర్చోవడం ఆయనకు నచ్చేవి కావని కూడా వుంది. ఈ రెండూ కలిపి చూస్తే రోజు యెలా సాగేదో తెలుస్తుంది. ఇషా కాగానే పడక, ఫజర్‌కు ముందే మెలకువ. రాత్రి నిద్రలో తగ్గిన కొంచెం మధ్యాహ్నం పూడ్చుకోవడం. ఎండ మండే దేశంలో, రైతూ గొర్రెల కాపరీ వుండే సమాజంలో ఇంతకంటే తెలివైన దినచర్య యేముంటుంది? పదో శతాబ్దంలో బాగ్దాదు వంటల పుస్తకం రాసిన ఇబ్నె సయ్యార్ వర్రాఖ్, వంటలు చెప్పి ఊరుకోలేదు. తిండికి ముందు ఒళ్ళు వంచి తిరగాలనీ, తిన్న తర్వాత నడుం వాల్చాలనీ అధ్యాయాలు రాశాడు. వంటవాడికి కూడా వైద్యం తెలిసిన రోజులవి.

గ్రీసు దేశంలో 23,681 మందిని కొన్నేళ్ళపాటు గమనించి 2007లో ఒక పరిశోధన అచ్చయింది. అలవాటుగా మధ్యాహ్నం పడుకునేవారిలో గుండెజబ్బు చావులు 37 శాతం తక్కువగా కనబడ్డాయి. అయితే గంటల తరబడి పగటి నిద్ర మంచిది కాదని చూపిన పరిశోధనలూ తర్వాత వచ్చాయి. కునుకు వేరు, నిద్ర వేరు. మన సున్నతుకు సైన్సు సర్టిఫికెట్టు కావాలని మేము ఈ మాట చెప్పడం లేదు. అర్ధరాత్రి రెండింటిదాకా ఫోను చూసి, ఫజర్ పోగొట్టుకుని, మధ్యాహ్నం మూడు గంటలు గురకపెట్టి దాన్ని ఖైలూలా అని పిలుచుకునే కుర్రాళ్ళ కోసం చెబుతున్నాము.

తిండి దగ్గరికి వచ్చేసరికి మన పేరు పాడైంది. ముస్లిముల తిండి అంటే బిర్యానీ, హలీం అని లోకమంతా అనుకుంటున్నది. ప్రవక్త (స) ఇంట్లో రెండేసి నెలలు పొయ్యి వెలగలేదనీ, ఖర్జూరాలూ నీళ్ళతో గడిచిందనీ ఆయెషా (రజి) చెప్పారు. బార్లీ రొట్టె ఆ ఇంటి మామూలు తిండి. తాజా ఖర్జూరం దోసకాయతో కలిపి తినేవారని హదీసు. తీపికి చలవ జోడించడమన్నమాట. ఇంట్లో యెవరైనా పోయి ఆడవాళ్ళు దుఃఖంలో వున్నప్పుడు ఆయెషా (రజి) 'తల్బీనా' అనే బార్లీ జావ కాయించి పెట్టేవారు. అది గుండెకు నెమ్మదినిస్తుందని ప్రవక్త (స) చెప్పారని. తిండినీ దుఃఖాన్నీ కలిపి ఆలోచించిన ఈ మాట చదివినప్పుడు మాకు మన నెల్లూరు, చిత్తూరు వైపు మసీదుల్లో రంజాను సాయంత్రాలు పంచే గంజి గుర్తుకొచ్చింది. బియ్యం, పప్పు, కాస్త మసాలా. చిన్న గిన్నెలు పట్టుకుని పిల్లలు వరసలో నిలబడేవారు. రోజంతా ఖాళీగా వున్న కడుపుకు అంతకంటే హితమైనది లేదు. ఇప్పుడా పక్కనే నూనెలో వేగిన సమోసాలు, మిర్చి బజ్జీలు, రంగునీళ్ళ షర్బత్తులు చేరాయి. గంజి గిన్నె వెనక్కు పోయింది.

హలీంను మేము తిట్టడం లేదు. దాని తాత 'హరీస్' బాగ్దాదు వంటల పుస్తకంలోనే వుంది. గోధుమా మాంసమూ రాత్రంతా ఉడికించి మెత్తగా రుబ్బినది. నిజాముల కాలంలో అరబ్బులతో హైదరాబాదు వచ్చింది. బార్కస్‌లో ఆ పాత రుచి యింకా దొరుకుతుంది. ఇక్కడి నెయ్యి, మసాలాలు చేరి హైదరాబాదు హలీం అయింది, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. రోజా వున్నవాడికి ఒక గిన్నె బలమే. ఇఫ్తారులో ఒకటి, తరావీ తర్వాత బజారులో ఒకటి, అర్ధరాత్రి మిత్రులతో ఇంకొకటి అయితేనే చిక్కు. ఉపవాసాల నెలలో బరువు పెరిగే జాతి యెక్కడైనా వుందా అని ఒక డాక్టరుగారు మమ్మల్ని అడిగారు. జవాబు చెప్పలేకపోయాము.

మధుమేహం వున్నవారి మాట ప్రత్యేకంగా చెప్పాలి. రోగికీ ప్రయాణికుడికీ ఉపవాసం నుంచి మినహాయింపు 2వ సూరాలోనే వుంది. అయినా ఇన్సులిన్ మానేసి రోజా వుండి, ఇఫ్తారు వేళకు కళ్ళు తిరిగి పడిపోయిన పెద్దలను మన పేటల్లో చూశాము. రంజానుకు నెల ముందే డాక్టరును కలిసి, వుండవచ్చునో లేదో, మందుల వేళలు యెలా మార్చాలో అడగాలి.

ఇంకో జబ్బు కూడా పట్టుకుంది మనల్ని. ప్రవక్త వైద్యం అని బోర్డు పెట్టి, నల్లజీలకర్ర నూనె సీసా చేతిలో పెట్టి, షుగరు మాత్రలు ఆపేయమని చెప్పే దుకాణాలు పుట్టుకొచ్చాయి. ఇబ్నుల్ ఖయ్యిమ్ (1292–1350) లాంటి పండితులు ప్రవక్త వైద్యం మీద భక్తితో గొప్ప గ్రంథాలు రాశారు, నిజమే. కాని ఆయన తర్వాతి తరంలోనే ఇబ్నె ఖల్దూన్ (1332–1406) స్పష్టంగా రాశాడు: హదీసుల్లోని వైద్యం అరబ్బుల అనుభవ వైద్యం, అది వహీలో భాగం కాదు, ప్రవక్త (స) వచ్చింది ధర్మం నేర్పడానికి గాని వైద్యం నేర్పడానికి కాదని. ఖర్జూరపు చెట్ల పరాగం విషయంలో మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసునని ప్రవక్త (స) అన్న సందర్భాన్నే ఆయన సాక్ష్యం తెచ్చాడు. మందు వాడండి, ప్రతి జబ్బుకూ మందుందన్న హదీసు కూడా వుంది కదా. మందు మానెయ్యమన్న హదీసు మాకైతే కనబడలేదు.

యునానీ మీద గౌరవం వున్నవారు హకీం అజ్మల్ ఖాన్ (1868–1927)ను చూడాలి. ఢిల్లీలో ఆయన స్థాపించిన ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలను 1921లో గాంధీజీ ప్రారంభించారు. రెండు వైద్యాలూ ఒకే కప్పు కింద! పాత మందులను కొత్త రసాయనశాస్త్రంతో పరీక్షించాలని ఆయన పట్టుబట్టి, సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే యువ శాస్త్రవేత్తను ప్రోత్సహించారు. సిద్దీఖీ సర్పగంధి వేరునుంచి వేరుచేసిన పదార్థానికి 'అజ్మలీన్' అని హకీంగారి పేరే పెట్టారు. పరీక్షకు భయపడని వైద్యమది. మన దగ్గర కూడా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రి భవనం లేచింది, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాల వుంది.

ఇక ఉమ్మె దర్దా దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఈ వ్యాసం కోసం మేము మన పేటలో కొందరు ఇల్లాళ్ళను ఒక ప్రశ్న అడిగాము: అమ్మా, రంజానులో మీరు యెన్ని గంటలు పడుకుంటారు? చాలామంది నవ్వారు. రాత్రి గిన్నెలు తోమేసరికి పన్నెండు. సెహ్రీ వంటకు మూడింటికి లేవాలి. ఫజర్ తర్వాత మగవాళ్ళు పడుకుంటారు, వీళ్ళు పిల్లలను బడికి తయారుచేస్తారు. మధ్యాహ్నం మగవాళ్ళు ఖైలూలా సున్నతు పాటిస్తారు, వీళ్ళు ఇఫ్తారు పప్పు నానబెడతారు. బీడీలు చుట్టే ఇళ్ళలో అదీ వుంది. ఒకావిడ అన్నది: మాకు పండగంటే నెలవంక కనబడడం కాదు బాబూ, మర్నాడు సెహ్రీకి లేవక్కర్లేకపోవడం. మేము కాసేపు మాట్లాడలేకపోయాము.

సంఘం ఈసారి సర్వసభ్య సమావేశంలో రెండు విషయాలు పెడుతున్నది. ఒకటి, పెళ్ళి భోజనాలు ఇషాకు ముందే పెట్టడం, ఒక కూర, ఒక అన్నం, దాల్చాతో సరిపెట్టడం. రెండోది, రంజాను నెలంతా మసీదు దగ్గర గంజి పెద్ద గుండిగలో కాచి, తినడానికి వచ్చినవాళ్ళకే కాకుండా ఇళ్ళకు కూడా పంపడం, ఆ కాచే పని మగవాళ్ళే చెయ్యడం. మొదటిదానికి కార్యవర్గంలో అందరూ తలలూపారు. రెండోదానికి ఇంతవరకు ఐదుగురు పేర్లిచ్చారు, గుండిగ మాత్రం దొరికింది.